ఎదుట తలెత్తని కుర్రవాడు ఫోన్‌లో ఎందుకు తిడతాడు?

ప్రశ్న: మా అన్న కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటికి చుట్టాలు వస్తే తలెత్తి మాట్లాడడు. అటువంటివాడు మొన్న మా ఊరి ఆడపిల్ల పెట్టిన బతుకమ్మ పాట వీడియో కింద, ఆమె ఒంటిరంగును ఎత్తిచూపుతూ రాయరాని మాట రాశాడు, అదీ సొంత పేరుతోనే. అడిగితే "అందరూ రాస్తున్నరు చిన్నాయినా" అన్నాడు. ఈ బుద్ధి ఎక్కడిది?
– పేరు వేయవద్దన్న పాఠకుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా

జవాబు: "అందరూ రాస్తున్నరు" అన్న మాటను సాకుగా కొట్టిపారేయకండి, కారణాల్లో ఒకటి అందులోనే ఉంది. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొందరికి కష్టమైన పరీక్ష పెట్టి చికాకు పుట్టించి, మరికొందరికి సులువైనది పెట్టి, ఆపైన అందరినీ ఒక వార్త కింద అభిప్రాయం రాయమన్నారు. ప్రశాంతంగా ఉండి మామూలు వ్యాఖ్యలు చూసినవారు రాసినవాటిలో 35 శాతం దురుసుగా ఉంటే, చికాకులో ఉండి, అప్పటికే ఎవరో రాసిన దురుసు వ్యాఖ్యలు చూసినవారి విషయంలో అది 68 శాతానికి చేరింది. తిట్టేవాడు పుట్టుకతోనే వేరే రకం మనిషి అనుకోవడం మనకు హాయిగా ఉంటుంది గాని, మామూలు మనుషులూ ఆ పని చేస్తారు.

దొంగపేర్లు తీసేస్తే అంతా సర్దుకుంటుందని చాలామంది అంటారు. మీవాడు సొంత పేరుతోనే రాశాడు కదా! 2012లో ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయ పరిశోధకులు 142 మందిని జంటలు చేసి కంప్యూటర్ మీద చర్చించుకోమన్నప్పుడు, పేరు దాచుకోవడం కన్నా ఎదుటివారి కళ్లు కనబడకపోవడమే మాట దురుసెక్కడానికి ఎక్కువ కారణమని తేలింది. అదే మాట మీ ఊరి రచ్చకట్ట దగ్గర అనబోయి ఉంటే, ఆ పిల్ల ముఖం వాడిపోవడం వాడికి కనబడేది, పక్కనున్న పెద్దమనిషి "ఏం మాటరా అది" అని గద్దించేవాడు, మాట సగంలోనే ఆగేది. ఫోన్‌లో వాడికి కనబడింది లైకుల లెక్క మాత్రమే. అది పెరిగినకొద్దీ మరునాడు ఇంకాస్త ఘాటుగా రాయబుద్ధవుతుంది.

ఫోను గుంజుకోకండి. ఆ వ్యాఖ్యను మీ ఎదుట కూర్చొని పైకి చదవమనండి, బహుశా చదవలేడు. ఆ తర్వాత దాన్ని తీసేయించి, ఆ పిల్ల, ఆమె ఇంటివారు ఒప్పుకుంటేనే, మీరు వెంట వెళ్లి క్షమాపణ చెప్పించండి. ఆమె జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనో, జిల్లా షీ టీముకో ఫిర్యాదు చేయదలిస్తే మాత్రం "చిన్నపిల్లగాడు, వదిలేయండి" అంటూ పెద్దమనుషులను పంపకండి.