నవ్వు ఎవరి మీద పడుతున్నదో చూడు

నల్లగొండ

చెల్లె,

నీ దయ్యం సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివిన. దేవరకొండ పక్క పాడుబడ్డ గడి (దొర కోట), అందులో ఒక్క రాత్రి ఇరుక్కున్న అయిదుగురు: హైదరాబాద్ హీరో, తండా పిల్ల, ఫ్లోరోసిస్ ఉన్న అంజయ్య, తాయెత్తులు కట్టే సాయిబు, ఒక ట్రాన్స్ మహిళ. అందరికీ చోటిచ్చిన అన్నవు. చోటిచ్చినవు, పని ఇయ్యలేదు. స్క్రిప్టు మొత్తంలో నిర్ణయం తీసుకునేది హీరో ఒక్కడే. మిగతా నలుగురు నవ్వించనీకో, ఇంటర్వెల్‌కు ముందు చావనీకో ఉన్నరు.

ముందు ఒక పని చెయ్యి. ప్రతి జోకు పక్కన నవ్వు ఎవరి మీద పడుతున్నదో, ప్రతి ఉలికిపాటు పక్కన భయం దేన్ని చూసి పుడుతున్నదో మార్జిన్‌లో రాయి. నడక, యాస, కులం, ఒళ్లు అని రాయాల్సి వచ్చిన చోటల్లా ఎర్రగీత గియ్యి. భయంతో మనిషి చేసే తిక్కపనికి నవ్వొస్తే అది ఉండనియ్యి.

అంజయ్య సీనే తీసుకో. ఆయన నడక చూసి పిల్లలు నవ్వుతరు, తర్వాత దయ్యం గూడ అట్లనే వంకరగ నడిచి భయపెడతది. రెండూ తీసెయ్యి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఆ సినిమా చూసేటోళ్ల ఇండ్లల్లనే అసుంటి మనుషులున్నరు. ఫ్లోరైడ్ బాగ ఎక్కువున్న నీళ్లు ఏండ్ల తరబడి తాగితే వెన్ను, కీళ్లు బిగుసుకపోతయి. మెడ తిరగని మనిషి వెనక్కి చూడాలంటే ఒళ్లంత తిప్పాలె. సీను అక్కడ ఉన్నది. అంజయ్య అరుగు మీద బీడీ ముట్టిస్తుంటడు, వెనక దయ్యం నిలబడుతది. "ఎవలమ్మా? ముందటికొచ్చి మాట్లాడు, నాకు మెడ తిరగదు" అంటడు. దయ్యం ఒక్క క్షణం ఆగి, చుట్టు తిరిగి ముందటికొస్తది. జనం నవ్వేది బెదిరించనీకొచ్చి చెప్పినట్టు విన్న దయ్యాన్ని చూసి. ఆ నవ్వుకు మూడు నాలుగు సెకన్లు మాటల్లేకుండ వదులు, లేకుంటే తర్వాతి మాట నవ్వుల్ల కొట్టుకపోతది. ఆమె నీళ్లడుగుతది. "బోరు నీళ్లా, కృష్ణ నీళ్లా?" "నేను తాగింది ఈ బాయి నీళ్లే" అని కుచ్చిళ్లు ఇంత పైకి లేపుతది. వంకరపోయిన ఆమె మోకాళ్లు చూసి అంజయ్య తన మోకాళ్లు తడుముకుంటడు. ఇక్కడ సంగీతం వద్దు, బాయి గిలక చప్పుడు చాలు. భయం ఆమె మీదికెల్లి బాయి మీదికి జరగాలె.

అంటే దయ్యం నువ్వు రాసినట్టు దొర బిడ్డ కావద్దు. మన దిక్కు గడి అంటే వెట్టి, కూలి ఇయ్యకుండ చేయించుకున్న చాకిరి. ఆ బాయి చేదిన వెట్టి మనిషిని చెయ్యి.

2024 జూలైలో సుప్రీంకోర్టు వికలాంగులను తెరమీద చూపించే తీరు మీద ఇచ్చిన తీర్పు చదువు. వైకల్యం గురించి అర్థమయ్యేటట్టు చెప్పే హాస్యం వేరు, వాళ్లను కించపరిచే హాస్యం వేరని అందులో విడదీసి చెప్పిన్రు.

తండా పిల్ల దేవరకొండల డిగ్రీ చదువుతున్నదని నువ్వే రాసినవు, మళ్లీ ప్రతి సీన్ల అద్దాల ఫేటియా (లంగా), కాంచళి (రవిక) ఏసినవు. కాలేజీకి ఆమె చుడీదార్ల పోతది. తల్లిని "యాడీ" అని పిలిచేది ఒక్కటే లంబాడీ మాట, మిగతాదంత హీరో భాషే. గోర్‌బోలికి, అంటే లంబాడీ భాషకు, సొంత లిపి లేదు, తెలుగు అక్షరాలతోనే రాయొచ్చు. తండా మనిషితోని రాయించు, పైసలియ్యి, టైటిల్స్‌ల పేరు వెయ్యి. కింద సబ్‌టైటిల్ పెడితే సరిపోతది.

ట్రాన్స్ మహిళ మీద పెట్టిన "ఆడమనిషి అనుకుంటే కాదట" అనే ఉలికిపాటు కొట్టెయ్యి, దాని మీద చర్చ గూడ వద్దు. సాయిబుకు తాయెత్తు కాకుండ ఇంకో పని చూడు. పీర్ల పండుగకు ఊరంత కలిసి పీర్లు ఎత్తే దిక్కు మనది. అలాయి (పీర్ల ముందటి నిప్పుల గుండం) కాడ డప్పు కొట్టేటోనికి ఆయనకు నడుమ పాత దోస్తానా పెడితే సీన్లు వాటంతటవే వస్తయి.

నన్ను నిద్రపోనియ్యనిది బాణామతి (చేతబడి) సీను. ఊరు ఒంటరి ముసలామెను చెట్టుకు కట్టేస్తది, హీరో జోకేస్తడు, చివరికి ఆమె నిజంగనే మంత్రగత్తె అని తేలుతది. ఆ నింద మీద మన పల్లెల్ల మనుషులను చంపిన్రు, పండ్లు రాలగొట్టిన్రు. నీ కథల దయ్యం నిజమైతే కానియ్యి, నింద మాత్రం అబద్ధం కావాలె. ఆ సీన్ల ఎవ్వనికీ జోకు ఇయ్యకు. ఆమె కట్లు ఎవరు విప్పాలె? హీరో వద్దు. తండా పిల్లను పెట్టి రాసి చూడు, ఆ పది పేజీలు ముందు పంపు.

— మీ అన్న