లూసర్న్ కోసే ముందు వేరు సంగతి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పశువుల మేతకు వేసిన లూసర్న్ మొలిచింది గానీ పైకి లేవడం లేదని టెన్షన్ పడుతున్నావట, అక్కయ్య చెప్పింది. కంగారు పడకు. మొదట్లో ఆ మొక్క ధ్యాసంతా తల్లివేరు మీదే. పైన జానెడు కూడా లేనప్పుడే కింద వేరు అంతకంటే లోతుకు దిగుతుంది. మొదటి కోతకు తొందరపడకుండా పూత కనిపించేదాకా ఆగు.

అసలు జాగ్రత్త కోత తర్వాతే. ఆకంతా పోయాక కొత్త చిగురుకు ఆహారం ఎక్కడిది? వేరులో దాచుకున్న పిండిపదార్థం, నత్రజనే దానికి దిక్కు. అందుకే రెండు మూడు వారాలపాటు పైన మొక్క పెరుగుతుంటే లోపల వేరులోని నిల్వ తరిగిపోతుంటుంది. ఆకు గుబురయ్యాక ఆహారాన్ని మళ్లీ కిందికి పంపడం మొదలవుతుంది, పూత నాటికి లోటు చాలావరకు పూడుతుంది. పది కాడల్లో ఒకదానికి పువ్వు కనపడ్డప్పుడు కొయ్యి. లేతగా కోస్తే మాంసకృత్తులు ఎక్కువన్న మాట నిజమే, ఎప్పుడైనా ఒకసారి కోస్తే తప్పు లేదు. వరసగా అలాగే కోస్తే మాత్రం వేరు కోలుకోదు, మడి పలచబడి కలుపు ఎక్కుతుంది. కొత్త పిలకలు మొదలు దగ్గరి మొగ్గల నుంచి వస్తాయి కాబట్టి కొడవలి నేలకు ఆనించకు, నాలుగు వేళ్ల ఎత్తు వదులు.

ఒక మొక్కను పారతో లోతుగా తవ్వి తీసి చూడు. పీకితే వేరు మీదుండే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చు. లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. కోసిన కొన్నాళ్లకు పాలిపోయి కనిపిస్తే భయపడకు, ఆకు రాగానే పని మళ్లీ పుంజుకుంటుంది. అది చూసి యూరియా మాత్రం చల్లకు. పైన పచ్చబడుతుంది గానీ బుడిపెలు పని తగ్గించేస్తాయి. దీనికి కావలసింది భాస్వరం.

నీరు కాస్త తగ్గితే మొక్క తన ఆహారంలో వేరుకే ఎక్కువ వాటా ఇస్తుంది, దాన్ని తట్టుకోగలదు. నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. కాలువ తీసి ఉంచు.

పక్క మడిలో అలసంద వేస్తానన్నావుగా, దానికి ఈ కోత లెక్కలు వర్తించవు. అది ఒక్క సీజన్‌లో ముగిసే పంట, వేరులో పెద్దగా దాచుకోదు. పూత, పిందె దశలో ఒక్కసారే కోసి మేపు.

మీ మామయ్య