కిటికీలు మార్చింది పాత ఓనరు, లెటరేమో మాకు!

ప్రశ్న: న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని పార్క్ స్లోప్‌లో పాత బ్రౌన్‌స్టోన్ (గోధుమరంగు రాయితో కట్టిన) ఇల్లు కొన్నాం. వీధి వైపు తెల్ల వినైల్ (ప్లాస్టిక్) కిటికీలు అనుమతి లేకుండా పెట్టారంటూ, చారిత్రక కట్టడాలను కాపాడే నగర సంస్థ ల్యాండ్‌మార్క్స్ కమిషన్ నుంచి వార్నింగ్ లెటర్ వచ్చింది. ఆ పని చేసింది పాత ఓనరు. ఫైన్ మేమెందుకు కట్టాలండీ? ఒకటే టెన్షన్.
- ఓ పాఠకురాలు, బ్రూక్లిన్

జవాబు: ఫైన్ అని ఎవరన్నారమ్మా? అది హెచ్చరిక మాత్రమే. కాకపోతే ఉల్లంఘన ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఎవరు చేసినా సరిచేయాల్సింది ఇప్పటి ఓనరే. కొనేముందు మీ లాయరు చూడాల్సిన సంగతి ఇది, ఆయన్ని గట్టిగానే అడగండి.

లెటర్‌లో ఇచ్చిన గడువులోపు కమిషన్‌కు పర్మిట్ దరఖాస్తు పెట్టండి. వినైల్‌ను ఉంచనిస్తారన్న ఆశ నాకైతే లేదు. వీధి వైపు పాత కిటికీల తీరు, కొలత, రంగు చూస్తారు. పాత ఫొటో దొరికితే జత చేయండి. పర్మిట్ చేతికి రాకుండా కాంట్రాక్టరుకు అడ్వాన్స్ ఇవ్వకండి.

ఊరుకుంటే నోటీస్ ఆఫ్ వయొలేషన్ (ఉల్లంఘన నోటీసు) వస్తుంది. మొదటి నోటీసుకైతే, విచారణ తేదీలోపు తప్పు ఒప్పుకుని సరిదిద్దుకుంటే ఫైన్ తప్పుతుంది. రెండోది వస్తే మాత్రం జేబుకు చిల్లే. పని పూర్తయ్యాక, అంతా పర్మిట్ ప్రకారమే జరిగిందని కమిషన్ ఇచ్చే నోటీస్ ఆఫ్ కంప్లయెన్స్ అడిగి తీసుకోండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు.