కవర్లు బాగానే వస్తున్నాయి, సొంత పాటే రావడం లేదు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిది నెలల కిందట నలుగురు స్నేహితులం కలిసి రాక్ బ్యాండ్ మొదలుపెట్టాం. నేను గిటార్ వాయిస్తాను. వేరేవాళ్ల పాటలు (కవర్లు) బాగానే వాయిస్తున్నాం కానీ, సొంతంగా ఏది చేసినా ఎక్కడో విన్నట్టే ఉంటోంది. ఒక ఏడాది చదువు ఆపేసి దీని మీదే కూర్చుంటే మాకంటూ ఒక సౌండ్ వస్తుందా? ఇంట్లో చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంట్లో ఇంకా చెప్పలేదు కదా, మంచిదే. ముందు ఒక లెక్క వేసుకోండి. ఈ ఎనిమిది నెలల్లో నలుగురూ ఒకే గదిలో కలిసి వాయించిన గంటలెన్ని? కబుర్లతో గడిచినవి, ఎవరికి వారు ప్రాక్టీస్ చేసినవి తీసేయండి. వారానికి రెండు గంటలనుకుంటే 70 దగ్గర ఆగుతుంది. బీటిల్స్ బ్యాండ్ వాళ్లు 1960లో జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి నాలుగైదు గంటలు, శని ఆదివారాల్లో ఇంకా ఎక్కువ వాయించారు. మీ ఎనిమిది నెలల పని వాళ్లకు రెండు వారాలది. అక్కడ వాళ్లు వాయించినవీ చాలావరకు ఇతరుల పాటలే. అన్ని గంటలు నింపడానికి ఒక్కో పాటను సాగదీసేవారు. కాబట్టి కవర్లు వాయించడం తప్పేమీ కాదు. అచ్చం రికార్డులో ఉన్నట్టే వచ్చాక మీరు అక్కడితో వదిలేస్తున్నారే, చిక్కంతా అక్కడుంది.

బాగా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. టెంపో (వేగం) బాగా తగ్గించి, బేస్ గిటార్, డ్రమ్స్, గొంతు మాత్రమే ఉంచి నడిపించండి. మీరు గిటార్ పక్కన పెట్టి వినండి (గిటారిస్టులకు ఇంతకు మించిన శిక్ష ఉండదు, తెలుసు). ఆ తర్వాత, మీరు లేకపోతే పాట వెలితిగా అనిపించే చోటే అందుకోండి. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. రిహార్సల్ వేడిలో అంతా అద్భుతంగానే అనిపిస్తుంది.

మీలో ఎవరికి ఏది చేతకాదో కూడా గమనించండి. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే అవి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు, సన్నటి తీగలు వేసుకున్నారు, తర్వాత ట్యూనింగ్ కూడా కిందికి దించారు. ఆ బ్యాండ్ బరువైన ధ్వనిలో ఈ సర్దుబాట్లకు పెద్ద వాటా ఉంది. మీ సింగర్‌కు పై స్థాయి అందకపోతే రోజూ అరిపించకండి, శ్రుతి దించి పాట రాయండి. డ్రమ్మర్ చేయి వేగంగా ఆడకపోతే నెమ్మదైన పాటలే కట్టండి.

ఇక చదువు ఆపే సంగతి. వద్దు. షోలకు పిలుపులు ఎక్కువై క్లాసులు పోతుంటే అప్పుడు ఆలోచించవచ్చు. ఇంకా రాని షోల కోసం సీటు వదులుకోవడం ఎందుకు? పైగా మీరొక్కరు ఖాళీగా ఉంటే ఏం లాభం, మిగతా ముగ్గురూ క్లాసులోనే ఉంటారు కదా. బోస్టన్ బ్యాండ్‌కు చెందిన టామ్ షోల్జ్ ఎంఐటీలో ఇంజినీరింగ్ చదివి, పోలరాయిడ్ కెమెరాల కంపెనీలో ఉద్యోగం చేస్తూనే ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డింగ్ చేసుకున్నారు. 1976లో వచ్చిన తొలి ఆల్బం చాలావరకు అక్కడ తయారైనదే. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే మాత్రం 1974లో పీహెచ్‌డీ మధ్యలో ఆపి, 2007లో పూర్తి చేశారు. ఆయన పేరు ఇంట్లో ఎత్తకండి, మీవాళ్లు ఆ 33 ఏళ్లనే పట్టుకుంటారు.

మొదటి సొంత పాట పూర్తయిన రోజే, అది ఎవరి పేరు మీదో కాగితం మీద రాసుకోండి. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. ఆర్.ఈ.ఎం. బ్యాండ్ వాళ్లు పాటలకు నలుగురి పేర్లూ కలిపే వేసుకునేవారు. డబ్బు రాకముందైతే ఈ మాట అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. చెవులకు ఇయర్‌ప్లగ్స్ కూడా ఈ వారమే కొనండి. 100 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 15 నిమిషాలకు మించి వినడం ప్రమాదమని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన అంత మోత మామూలే.

ఇంట్లో ఏడాది అడగకండి. వారానికి మూడు సాయంత్రాలు అడగండి, పరీక్షల నెలలో అవి కూడా వదులుకుంటానని మీరే ముందు చెప్పండి.