పాత కారు ఆశ్రమానికి ఇస్తే 80జి వస్తుందా? రాదు, కానీ ఆర్‌సీ సంగతి ముందు చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: పోర్టులో రిటైరయ్యారు, 2012 మోడల్ వ్యాగన్ఆర్ ఉంది, చూపు సరిగ్గా ఆనక నడపడం మానేశారు, విశాఖలోనే ఒక వృద్ధాశ్రమానికి ఇచ్చేద్దామనుకుంటున్నారు. అమెరికాలో మీ అబ్బాయి పాత కారు ఛారిటీకిచ్చి ట్యాక్స్ తగ్గించుకున్నాడు కాబట్టి, ఇక్కడ కూడా 80జి (విరాళాలకి ఆదాయపు పన్నులో మినహాయింపునిచ్చే సెక్షన్) కింద ఏమైనా వస్తుందా అని.

రాదు సార్. మన దగ్గర 80జి మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. కారు గానీ, బియ్యం బస్తాలు గానీ, మంచాలు, దుప్పట్లు గానీ, వస్తువు ఎంత ఖరీదైనదైనా లెక్కలోకి రాదు. చట్టంలోనే ఆ మాట రాసి ఉంది, ఆడిటర్‌ని మార్చినా జవాబు మారదు. డబ్బయినా సరే నోట్ల రూపంలో 2,000 దాటి ఇస్తే చెల్లదు. చెక్కో, యూపీఐయో, బ్యాంకు ట్రాన్స్‌ఫరో ఉండాలి. (2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు. అందరి నోట్లో నానింది 80జి కాబట్టి నేనూ అదే రాస్తున్నాను.)

అలాగని కారు ఇచ్చినందుకు మీ మీద పన్నూ పడదు. సొంత వాడకానికి ఉంచుకున్న కారు క్యాపిటల్ అసెట్ (అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి) కిందకి రాదు, దానం చేసినా అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ గొడవ లేదు. నష్టానికి అమ్మానని చూపించుకునే వీలూ లేదు. క్లినిక్ పేరునో వ్యాపారం పేరునో కారు పెట్టి ఏటా తరుగుదల రాసుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లు ఆడిటర్‌ని అడగకుండా ఇవ్వకూడదు.

మీ అబ్బాయి చెప్పిందీ అబద్ధం కాదు. అక్కడ వస్తువు ఇచ్చినా మినహాయింపు ఉంది. కాకపోతే 2005 నుంచి వాళ్లూ బిగించారు. ఛారిటీ ఆ కారుని వాడుకోకుండా అమ్మేస్తే, 500 డాలర్లకు మించి క్లెయిమ్ చేసేవాళ్లకి అమ్మకంలో ఎంత వస్తే అంతే మినహాయింపు, మనం అనుకున్న మార్కెట్ ధర కాదు. దానికి ఛారిటీ 1098-సి అనే ఫారం ఇవ్వాలి. పైగా స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలు చూపకుండానే ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) తీసుకునేవాళ్లకి ఇందులో ఏమీ రాదు, ఖర్చులన్నీ విడివిడిగా చూపించేవాళ్లకే. ఒకవేళ “మన విశాఖ ఆశ్రమానికిచ్చింది నేను అమెరికాలో చూపించుకుంటా నాన్నా” అంటే, అది కుదరదు. అక్కడి చట్టం కింద గుర్తింపు ఉన్న సంస్థ అయి ఉండాలి.

మరి కారు అమ్మేసి ఆ డబ్బు ఇస్తే? 80జి రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టయితే వస్తుంది. కానీ మీ లెక్క ఒకసారి చూద్దాం. స్టాండర్డ్ డిడక్షన్ పోను పెన్షన్ 9 లక్షలని రాశారు. కారు లక్షన్నరకి పోయిందనుకోండి, మొత్తం ఇచ్చేశారు. మామూలు ట్రస్టుకిచ్చే విరాళంలో మీ ఆదాయంలో 10 శాతం వరకే లెక్కలోకి తీసుకుంటారు, అంటే 90,000. అందులో సగమే మినహాయింపు, అంటే 45,000. మీ 20 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి మిగిలేది 9,360 రూపాయలు.

ఇదంతా పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానంలో 80జి లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు వల్ల మీకు పన్నే లేదు. పాత దాంట్లో, వేరే మినహాయింపులేవీ లేవనుకుంటే, అరవై దాటినవాళ్లకిచ్చే రాయితీ పోను, ఈ విరాళం చూపించాక కూడా సుమారు 84,000 కట్టాలి. అంటే తొమ్మిది వేల కోసం పాత విధానంలోకి వెళ్లి ఎనభై నాలుగు వేలు కట్టి రావాలి! హోమ్ లోను, పెద్ద జీతం ఉండి ఎలాగూ పాత విధానంలోనే ఉన్నవాళ్లకి మాత్రం ఈ దారి పనికొస్తుంది. వాళ్లు ట్రస్టు దగ్గర విరాళం సర్టిఫికెట్ (పాత చట్టంలో ఫారం 10బీఈ) తప్పకుండా అడిగి తీసుకోవాలి. మామూలు రసీదు చాలదు.

ఇంకో మాట. మా కారు ఇచ్చేటప్పుడు మధ్యలో దూరిన ఒక బ్రోకరు “కారు విలువకి డబ్బు విరాళం ఇచ్చినట్టు రసీదు రాయిస్తానమ్మా” అన్నాడు. ట్రస్టులు ఇప్పుడు దాతల వివరాలు పాన్‌తో సహా ఆదాయపు పన్ను శాఖకి పంపాలి. లేని డబ్బు ఉన్నట్టు చూపించి దొరికితే, ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం దాకా జరిమానా. వాడి మొహమ్మీదే వద్దన్నాను.

మేమిచ్చింది హ్యుందాయ్ ఐ10, ఏపీ 31 బండి. మధురవాడ వైపు దివ్యాంగ పిల్లల కోసం బడి నడిపే చిన్న ట్రస్టుకి. వాళ్ల మేడమ్ ఆటోలో వీల్‌చెయిర్ వేసుకుని మా ఇంటికొచ్చారు. మావారు బానెట్ ఎత్తి ఇంజిన్ గురించి చెప్పబోతుంటే “ముందు డిక్కీ తీయండి సార్” అన్నారు. మడత పెట్టిన వీల్‌చెయిర్ పట్టలేదు. కాళ్లు పెట్టుకునే రేకులు ఊడదీసి, వెనక సీటు పడుకోబెట్టాక అప్పుడు దూరింది. “అలాగైతే పిల్లాడు ముందు సీట్లో, తల్లి ఎక్కడ కూర్చోవాలి?” అని ఆవిడే అనుకుని, రెండోవైపు సీటు సగం నిలబెట్టి చూడబోయారు. అది ఒకటే సీటు, సగం మడవడం కుదరదు. చివరికి వీల్‌చెయిర్‌కి పైన క్యారియర్ బిగించుకుంటామన్నారు. తర్వాత తలుపుల కింద అంచులు వేలితో తడిమారు. బీచ్ దగ్గర ఇల్లు కదా, ఉప్పుగాలికి అక్కడే ముందు తుప్పు పడుతుంది. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఆర్‌సీ ఎప్పటిదాకా ఉంది అని అడిగారు గానీ, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగలేదు. రెండు టైర్లు, బ్యాటరీ మార్పించి ఇచ్చాం.

ఆవిడ అలా చూడటం నాకు నచ్చింది. చాలా ఆశ్రమాలకి డ్రైవర్ ఉండడు, పెట్రోలుకి బడ్జెట్ ఉండదు. మొహమాటానికి తీసుకుంటారు, కారు వేపచెట్టు కింద మట్టి కొట్టుకుపోతుంది. మీ వ్యాగన్ఆర్‌కి ఎత్తు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సులువుగా ఎక్కుతారు, కాబట్టి వృద్ధాశ్రమానికి నిజంగానే పనికొచ్చే బండి. అయినా “కారు కావాలా, అమ్మి డబ్బివ్వనా?” అని సూటిగా అడిగేయండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది ఆర్‌సీ. తాళాలు ఇచ్చేసి ఫొటో దిగి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. కారు ఎక్కడైనా ఎవరినైనా గుద్దితే, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కారు చాలా చేతులు మారింది, అయినా రికార్డులో పేరు మొదటాయనదే. అందుకని ఓనరు పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి మీ పని అయిపోయిందనుకోకండి. ట్రస్టు పేరుకి మారేదాకా వెంటపడండి. అమ్మినా ఇచ్చినా 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలి. ట్రస్టు వాళ్లు రిజిస్ట్రేషన్ డీడ్, పాన్, కారు తీసుకుంటున్నట్టు తీర్మానం కాపీ సిద్ధం చేసుకోవాలి. మా పని మాధవధార ఆఫీసులో అయింది. లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉండిపోయుంటే, ముందు ఫారం 35 పెట్టి తీయించుకోవాలి. ఫాస్ట్‌ట్యాగ్ కూడా మూసేయించండి, లేకపోతే నక్కపల్లి టోల్‌గేట్ దాటినప్పుడల్లా మీ ఖాతాలోంచే పోతుంది.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో ట్రస్టు పేరుకి మార్పించాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మాత్రం కారుతో పోదు, మనిషిదే. మీరు మళ్లీ కారు కొనరు కాబట్టి మీకు అక్కర్లేదు గానీ, ఇది చదివే మిగతావాళ్లు కంపెనీ దగ్గర లెటర్ తీసుకుని ఉంచుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకి వాడుకోవచ్చు.

మీది 2012 బండి, 2027లో 15 ఏళ్లు నిండుతాయి. 2022 ఏప్రిల్ నుంచి అలాంటి కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఈ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఆశ్రమం వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి. మీరే పెట్టుకోదలిస్తే, ఆ డబ్బు ట్రస్టుకి చెక్కుగా ఇచ్చేయండి.