రోడ్ రన్నర్ కొన్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన టైమ్ స్లిప్, అదే డ్రాగ్ రేసు ట్రాక్ వాళ్లు పరుగు అయ్యాక ఇచ్చే టైముల కాగితం, చూశాను. 1968 ప్లిమత్ రోడ్ రన్నర్, 383 ఇంజన్, కంపెనీ లెక్కలో 335 హార్స్‌పవర్. క్వార్టర్ మైలుకి 15.1 సెకన్లు, చివర్లో గంటకు 95 మైళ్లు. "మావయ్యా, ఇంజన్ బలం పెంచడానికి పెద్ద క్యామ్ వేయించనా?" అని అడిగావు. పర్సు అప్పుడే తీయకు.

ఆ కాగితంలో పై వరసలు చదివావా? మొదటి 60 అడుగులకే 2.4 సెకన్లు పట్టింది. చివరి వేగం ఇంజన్ బలం చెబుతుంది. ఆ బలం నేలకి అందిందో లేదో ఈ 60 అడుగులు చెబుతాయి. నీ ఇంజన్‌కి ఏ రోగమూ లేదు, టైర్లే ఉన్నచోట గిర్రున తిరుగుతున్నాయి. అక్కడ 0.1 సెకను మిగిలితే చివరి గీత దగ్గర 0.15 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కలిసొస్తుంది. వెనక డ్రాగ్ రేడియల్స్ (నేలని గట్టిగా పట్టుకునే మెత్తటి రేసు టైర్లు) వేయించి, గాలి రెండేసి పౌండ్లు తగ్గిస్తూ చూడు. పరుగుకి ఒక్క మార్పే. ఎంత గాలి, ఎంత ఎండ, ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర కదిలావో ఆ స్లిప్ మీదే రాసుకో.

అప్పటిదాకా ఈ మామూలు టైర్లతో బర్నౌట్ నీళ్లలోకి (టైర్లు గిర్రున తిప్పి వేడెక్కించుకోడానికి స్టార్ట్ గీత వెనక పోసేవి) దిగకు, పక్కనుంచి పో. న్యూజెర్సీలోని ఇంగ్లీష్‌టౌన్ ట్రాక్‌లో (2018లో అక్కడ డ్రాగ్ రేసులు ఆపేశారు, నాకింకా దిగులే) మొదటిసారి నేను దర్జాగా నీళ్లలోంచే పోయాను. టైరు గాడుల్లో పట్టిన నీళ్లన్నీ స్టార్ట్ గీత దగ్గర కారాయి. పచ్చ లైటు వెలిగింది, పక్కవాడు వెళ్లిపోయాడు, నేను అక్కడే జారుతున్నాను.

లైటు చూసి టెన్షన్ పడకు. టైరు స్టార్ట్ గీత దగ్గరి కాంతి కిరణాన్ని దాటాకే నీ గడియారం మొదలవుతుంది. ఒక సెకను ఆలస్యంగా కదిలినా ఈటీ (ఆ గీత నుంచి చివరి గీత దాకా పట్టిన సమయం) మారదు.

ఇక టైమింగ్, అంటే ప్లగ్ ఎన్ని డిగ్రీల ముందు నిప్పురవ్వ వేస్తుందన్న లెక్క. డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వాక్యూమ్ గొట్టం పీకి, మూతి మూసి, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర మొత్తం 34 నుంచి 36 డిగ్రీల మధ్య పెట్టు. కానీ ముందు ఆ డిగ్రీలు చూపే గీతనే అనుమానించు, అది డ్యాంపర్ మీద ఉంటుంది. క్రాంక్ ముందుండే ఈ చక్రం బయటి రింగు రబ్బరుతో అతుక్కుని ఉంటుంది. యాభై ఏళ్లు దాటిన రబ్బరు జారితే రింగుతోపాటు గీతా జారుతుంది. బ్యాటరీ తీసేసి, ఒకటో సిలిండర్ ప్లగ్ స్థానంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని అడ్డుకునే బోల్టు) బిగించి, ఇంజన్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పి పిస్టన్ పైకొసకి చేరే అసలు సున్నా పట్టుకో. నా బండి గీత ఎనిమిది డిగ్రీలు తప్పు చెప్పింది. పాపం, రెండు నెలలు మెకానిక్‌ని తిట్టుకున్నాను.

అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో క్వార్టర్ మైలు 13.99 సెకన్లలో గానీ అంతకంటే త్వరగా గానీ ముగించేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి. నువ్వు ఇప్పుడే పెట్టుకో. కారు సంగతి అక్కకి ఇంకా చెప్పలేదట కదా. నేను మాత్రం చెప్పను, నువ్వే చెప్పు. తర్వాతి స్లిప్ ఫొటో తీసి పంపు, నీ రాతతో సహా.

మావయ్య