మధ్యయుగంలో ఒకే ఏడాది ఎన్ని జరిగాయంటే: 1258

మధ్యయుగంలో ఏదైనా ఒక్క ఏడాదిని తీసుకుని, అప్పుడు ప్రపంచంలో ఏమేం జరిగాయో చెప్పమని అడిగారు. డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధించే నేను మరో ఆలోచన లేకుండా 1258 అంటాను.

ముందు బాగ్దాద్. చెంగిజ్ ఖాన్ మనుమడు హులాగు నడిపిన మంగోలు సేనలు జనవరి 29న ముట్టడి మొదలుపెట్టాయి. ఫిబ్రవరి 10న నగరం లొంగిపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి దోపిడీ, ఊచకోత. రెండు లక్షలకు పైగా జనాన్ని చంపించానని ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీకి పంపిన లేఖలో హులాగే చెప్పుకున్నాడు. ముస్లింల మతాధిపతిగా అక్కడ కొలువున్న బాగ్దాద్ చివరి ఖలీఫా ముస్తాసిమ్‌నూ ప్రాణాలతో వదల్లేదు. 762లో పునాది పడిన నగరానికి పట్టిన గతి ఇది. హులాగు వెంటే ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు నసీరుద్దీన్ తూసీ మరుసటి ఏడాది అదే హులాగు ఖర్చుతో ఇరాన్‌లోని మరాఘాలో గొప్ప వేధశాల కట్టడం ప్రారంభించాడు. ఈ రెండు సంగతులూ ఒకే పాఠంలో చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇక వియత్నాం. మంగోలులు రాజధాని థాంగ్ లాంగ్, అంటే నేటి హనోయ్, చేరేసరికి ఊరు ఖాళీగా ఉంది, తిండిగింజలు లేవు. అంతకుముందు ఏం చేద్దామని దిగులుగా అడిగిన రాజుతో మంత్రి త్రాన్ థు దో, నా తల ఇంకా నేల రాలలేదు, మీరు బెంగపడకండి అన్నాడట. రాజు త్రాన్ థాయ్ తోంగ్ ఎదురుదాడి చేసి వారిని తరిమేశాడు. అది కూడా జనవరి 29నే! తరగతిలో పటం మీద ఈ రెండు చోట్లా ఒకే తేదీ రాసి చూపించినప్పుడు ఒక అమ్మాయి, "మంగోలులు ఓడిపోయారని మా పుస్తకంలో ఎక్కడా లేదే!" అంది. రాజవంశాల వరసలో చదివితే ఇలాంటివి కంటపడవు.

యుద్ధాలకు సంబంధం లేని కష్టం మరొకటి ఉంది. 1257లో ఇండోనేషియాలోని లొంబోక్ ద్వీపంలో సమాలస్ అగ్నిపర్వతం బద్దలైంది. ధ్రువాల మంచు పొరల్లో దాని గంధకం జాడ ముందే దొరికినా, అది ఏ పర్వతానిదో 2013లో గానీ తేలలేదు. అందుకు స్థానిక తాళపత్రాలు కూడా తోడ్పడ్డాయి. ఆకాశంలో పరుచుకున్న ఆ గంధకపు పొర ఎండను అడ్డుకోవడం వల్ల కావచ్చు, 1258లో ఇంగ్లండులో చలి వదల్లేదు, పంటలు పోయాయి. లండన్‌లోనే పదిహేను వేల మంది ఆకలితో చనిపోయారని ఆ కాలపు చరిత్రకారుడు మాథ్యూ పారిస్ రాశాడు. అదే వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభువులు తమ రాజు మూడో హెన్రీ మెడలు వంచి, పదిహేను మంది సభ్యుల మండలి మాట వినేలా కట్టడి చేశారు.

అప్పుడు మన దగ్గర ఏమిటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఓరుగల్లులో గణపతిదేవుని సుదీర్ఘ పాలన చివరి దశలో ఉంది. మోటుపల్లి రేవుకు వచ్చే ఓడ వర్తకులకు ఆయన అభయశాసనం వేయించి అప్పటికే పదేళ్లు దాటింది.

1258 చదివాక 1260 కూడా చూడండి. ఆ సెప్టెంబరులో పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టును ఏలుతున్న మామ్లూకులు హులాగు సేనాని కిత్‌బుఖాను ఓడించారు.